విమానమును నడుపు భాష

(ప్రసంగ పాఠము)



పుదుచ్చేరి పట్టణమునకును తెలుగు లక్షణశాస్త్రమునకును పాత చుట్టరికము కలదు. డూప్లే దొర గవర్నరుగా ఉన్న కాలమున దుబాసీగా పేరువడిన ఆనందరంగ పిళ్ళై, దినచర్య వ్రాసిన వానిగా లోకమునకు ఎక్కువగా తెలియును. కాని కస్తూరి రంగకవి ఆయన పేర తెలుగున ఒక ఛందోగ్రంథమునే సంతరించెను. ఆనందరంగరాట్ఛందము అని దానికి ప్రసిద్ధి. గణము తప్పినను, యతి చెడినను, ప్రాస కుదురకున్నను పద్యము పద్యము కాదని తేల్చి చెప్పు శాస్త్రమది. భావమెంత గొప్పదైనను లక్షణము ముందు దానికి మినహాయింపు లేదు.

నేటి ప్రసంగవిషయము కూడ అట్టి దాక్షిణ్యము లేని లక్షణముగల ఒక భాషయే. దాని పేరు అడా. మనుష్యులు దానిని మాటలాడరు. కంప్యూటరునకు పని చెప్పుటకు వాడుదురు. దానిని రూపొందించినవారిలో ప్రధానుడు ఫ్రెంచి దేశస్థుడు. రూపొందింపజేసినది అమెరికా రక్షణశాఖ. నేడు మన దేశపు తేజస్ యుద్ధవిమానము గాలిలో నిలుచుట ఆ భాషలో వ్రాసిన ఆజ్ఞల వలననే. పుట్టి నలుబది సంవత్సరములు దాటిన ఈ భాషను ఇప్పుడు క్రొత్తగా ఎవరు నేర్వవలెను, ఎందులకు నేర్వవలెను, నేర్చుటలో నిజమైన కష్టమేది అనునవి ఇచట విచారింపదగిన సంగతులు.

ఇది కేవలము పుస్తకములలోని ప్రశ్న కాదు. పుదుచ్చేరిలోని తెలుగు ఉద్యోగుల ఇండ్లలో ఇంజనీరింగు చదువు పిల్లలు కలరు. యానాము నుండి వచ్చి ఇచ్చట చదువుకొనువారును కలరు. కళాశాలలో సీ, జావా, పైథాన్ నేర్చి, గేట్ పరీక్షలో మంచి స్థానము సంపాదించి, రక్షణ పరిశోధనా సంస్థలో చేరిన యువకునికి ఒక్కొక్కప్పుడు మొదటి నెలలో చేతికిచ్చునది, తాను పేరైనను సరిగా వినని ఈ పాత భాష. వాని మనస్సు చివుక్కుమనును. తోడివారు కృత్రిమ మేధ అని, మరియొకటి అని ముందునకు పోవుచుండగా తాను మాత్రము వెనుకకు నడచుచున్నానేమో అని ఇంటికి ఫోను చేసి మొరపెట్టుకొనును. ఏమి సమాధానము చెప్పవలెనో తల్లిదండ్రులకు తోచదు. పోనీ, పని యెట్టిదో వివరముగా చెప్పుమందురా, అది రక్షణ రహస్యము, ఇంటివారికైనను చెప్పరాదు.

కనుక ముందు ఆ పని స్వభావము నైనను తెలిసికొనుట మంచిది. జీతముల పట్టీ తయారుచేయు కంప్యూటరు ఒక నిమిషము ఆలసించినను పట్టీ పట్టీయే. రైలు టిక్కెట్ల యంత్రము కొంతసేపు నిలిచిపోయినచో ప్రయాణికులు విసుగుకొందురు, అంతే. కాని కొన్ని పనులలో ఆలస్యముగా వచ్చిన సరియైన జవాబు తప్పు జవాబుతో సమానము. ప్రభుత్వోద్యోగులకు దీనిని వేరుగ వివరింపనక్కర లేదు. మార్చి 31వ తేదీ సాయంత్రములోగా ఖజానాకు చేరవలసిన బిల్లు, అంకెలన్నియు సరిగానే ఉండి, సంతకములన్నియు ఉండవలసిన చోటనే ఉండి, ఏప్రిల్ 1వ తేదీ ఉదయమున చేరినచో దాని గతి యేమో అందరికి తెలిసినదే. విమానమునందలి కంప్యూటరునకు ప్రతి సెకనులోను పలుమార్లు మార్చి 31వ తేదీ వచ్చుచుండును. ఇట్టి వ్యవస్థలను రియల్‌టైమ్ వ్యవస్థలందురు. బల్లమీద కాక యంత్రము కడుపులోనే అమరియుండుటచేత ఎంబెడెడ్ అని మరియొక విశేషణము కూడ చేర్చుదురు.

తేజస్ విషయమే చూడుడు. ఈ విమానమును బుద్ధిపూర్వకముగనే అస్థిరముగా నిర్మించిరి. స్థిరమైన విమానము గాలి తాకిడికి కొంత తూలినను తనంతట తాను సర్దుకొనును. కాని చురుకుగా తిరుగదు. అస్థిరమైనది చురుకైనది, అయితే దానిని కేవలము తన చేతులతో నిలుపుట ఏ పైలట్టు తరము కాదు. పిల్లలు అరచేతిలో కఱ్ఱను నిలువుగా నిలిపి ఆడు ఆట తెలిసినదే గదా! చేయి క్షణక్షణము కదలుచున్నంతవరకే కఱ్ఱ నిలుచును. ఆ చేయి వంటిది ఇచట కంప్యూటరు. పైలట్టు చేతికఱ్ఱను లాగినప్పుడు రెక్కల మీది తలములు దానితో ముడిపడి కదలవు. అతని కోరిక విద్యుత్సంకేతమై కంప్యూటరునకు పోవును. వేగమెంత, ఎత్తెంత, విమానము ఏ వైపునకు ఎంత వంగియున్నది అను సంగతులన్నియు చూచి, ఏ తలమును ఎంత కదల్పవలెనో కంప్యూటరు నిర్ణయించును. ఆ నిర్ణయము ఒక్కరి చేతిలో పెట్టలేదు. నాలుగు మార్గములు ఒకే లెక్కను వేరువేరుగా చేసి, పంచాయితీ పెద్దలవలె ఒకదానితో నొకటి పోల్చుకొనును. ఒకటి పొరపాటు పడినచో తక్కినవి దానిని వెలివేయును. ఈ కంప్యూటరును బెంగుళూరులోని వైమానిక అభివృద్ధి సంస్థ, అనగా ఏ.డి.ఇ., రూపొందించెను. అందలి ఆజ్ఞలను అడా భాషలో, అదియును ఆ భాషలో ఏరి తీసిన కొద్ది భాగముతో మాత్రమే వ్రాసిరి.

ఇచట ఒక చిన్న మాట. తేజస్ నిర్మాణమును నడపుటకు 1984లో బెంగుళూరున ఏర్పడిన మరియొక సంస్థ పేరు ఆంగ్లాక్షరములలో ఏ.డి.ఏ. అగును. భాష పేరును ఆ మూడక్షరములే. క్రొత్తగా చేరినవారు ఒకదానినుండి మరియొకటి పుట్టినదని భ్రమపడుదురు. ఇది కాకతాళీయమే, భాష పేరు అక్షరముల కూర్పు కాదు, ఒక స్త్రీ పేరు. ఆ కథ ముందు వచ్చును.

1998 మే నెలలో పోఖ్రాన్ అణుపరీక్షలు జరిగిన పిమ్మట అమెరికా ఆంక్షలు విధించెను. విమాన నియంత్రణ వ్యవస్థ పనిపై లాక్‌హీడ్ మార్టిన్ కంపెనీతో కలిసి అమెరికాలో పనిచేయుచున్న భారతీయ ఇంజనీర్లు తిరిగి రావలసివచ్చెను. మిగిలిన పనిని స్వదేశమున పూర్తిచేసిరి. 2001 జనవరి 4వ తేదీన వింగ్ కమాండర్ రాజీవ్ కొఠియాల్ తొలి నమూనా విమానమును బెంగుళూరు ఆకాశమున నడపెను. ఆంక్షలు మనుష్యులను ఆపగలిగెను, యంత్రభాగములను ఆపగలిగెను. భాషను మాత్రము ఆపలేకపోయెను. అడా లక్షణము ఏ కంపెనీ పెట్టెలోను దాచియుంచినది కాదు. అది అంతర్జాతీయ ప్రమాణముగా ప్రకటితమైన గ్రంథము. ఎవరైనను చదువవచ్చును, ఎవరైనను దానికి కంపైలరు నిర్మింపవచ్చును. ఒక దేశము తన రక్షణకై భాషను ఎన్నుకొనునప్పుడు ఈ సంగతి చిన్నది కాదు.

ఇక ఆ భాష పుట్టుక. 1970వ దశకమున అమెరికా రక్షణశాఖ తన ఆయుధములలోని, నౌకలలోని, విమానములలోని కంప్యూటర్ల భాషలను లెక్కింపగా అవి 450కి పైగా తేలెను. ఒక క్షిపణి భాష మరియొక క్షిపణి పనివానికి రాదు. వ్రాసినవాడు వెళ్ళిపోయినచో ఆ యంత్రము మూగది. ఈ బాధ భరింపలేక 1975లో ఒక సంఘము నేర్పరచి, కావలసిన భాషకు ఏయే గుణములుండవలెనో వ్రాయించిరి. ఆ పత్రములకు పెట్టిన పేర్లు వినుటకు వేడుకగా నుండును. మొదటిది గడ్డిమనిషి. విమర్శకు నిలువక అది సవరింపబడి కొయ్యమనిషి ఆయెను. తరువాత తగరపు మనిషి, ఇనుపమనిషి. తుదకు 1978లో ఉక్కుమనిషి. కార్యాలయములలో ఒకే ముసాయిదాను ఐదుమార్లు తిరుగవ్రాసిన అనుభవము గలవారు ఈ వరుసను చూచి నవ్వుకొనవచ్చును.

పోటీకి 17 ప్రతిపాదనలు వచ్చెను. నాలుగింటిని ఏరిరి. పరీక్షకులకు పక్షపాతము కలుగకుండ సంస్థల పేర్లు దాచి, ఆకుపచ్చ, ఎఱుపు, నీలము, పసుపు అను రంగులతో పిలిచిరి. 1979లో ఆకుపచ్చ గెలిచెను. తెర తీసి చూడగా అది ఫ్రాన్సులోని సీ.ఐ.ఐ. హనీవెల్ బుల్ సంస్థది. దాని నాయకుడు పారిస్ నగరమున పుట్టిన జాఁ ఇష్‌బియా. అమెరికా సైన్యమునకు వలయు భాషను ఫ్రెంచివాని బృందము నిర్మించుట ఆనాడు కొందరికి రుచింపలేదందురు. గుణపరీక్షకు తలయొగ్గుట మాత్రము అందరికి తప్పలేదు. ఆ వెనుక అమెరికా రక్షణశాఖ ఈ భాషను తప్పనిసరి చేసి, 1997లో ఆ నిర్బంధమును తొలగించెను. నిర్బంధము తొలగిన తరువాత పలువురు వదలిపోయిరి. ప్రాణములతో పనిగలచోట, అనగా విమానములు, రైళ్ళు, ఉపగ్రహములు ఉన్నచోట, భాష నిలిచెను.

ఇక పేరు. ఆంగ్లకవి బైరన్ కుమార్తె అడా లవ్‌లేస్ 1815 డిసెంబరు 10న జన్మించెను. చార్లెస్ బాబేజ్ తలపెట్టి పూర్తిచేయలేకపోయిన గణనయంత్రమును గూర్చి 1843లో ఆమె వ్రాసిన వ్యాఖ్యలలో, ఆ యంత్రముచేత ఒక లెక్క చేయించు క్రమము అడుగడుగునకు చూపబడినది. యంత్రమే లేని కాలమున దానికి ఆజ్ఞలు వ్రాసిన స్త్రీ ఆమె. 36 సంవత్సరముల వయస్సుననే 1852లో మరణించెను. భాష లక్షణపత్రమునకు సైనిక ప్రమాణముగా ఇచ్చిన సంఖ్య 1815. దానిని ఆమోదించినది 1980 డిసెంబరు 10వ తేదీన. దస్త్రములకు సంఖ్యలిచ్చువారిలోను రసికులుందురు.

భాషను అందరును మెచ్చుకొనలేదు. ఆంగ్ల గణకశాస్త్రవేత్త టోనీ హోర్ 1980లో ట్యూరింగు పురస్కారము స్వీకరించుచు చేసిన ఉపన్యాసమున దీనిని గట్టిగా విమర్శించెను. భాష మితిమీరి పెద్దదైనదనియు, ఇంత జటిలమైనదానిని ప్రాణాపాయమున్న పనులలో నమ్మరాదనియు ఆయన హెచ్చరిక. దానిలో సత్యము లేకపోలేదు. తేజస్ వంటి పనులలో భాషనంతను వాడక ఏరిన భాగమునే వాడుటకు అదియే హేతువు.

ఇప్పుడు నేర్చుకొనువాని వైపు వచ్చి చూతము. ఇతర భాషలలో అంకె అంకెయే. ఎత్తు 5000, వేగము 900 అయినచో రెండింటిని కూడి 5900 అని చెప్పుటకు ఆ భాషలు వెనుదీయవు. అడాలో ఎత్తు ఒక జాతి, వేగము ఒక జాతి అని ముందే ప్రకటింపవచ్చును. ఎత్తు ఎంత మొదలు ఎంతవరకు ఉండవచ్చునో ఎల్లలు కూడ చెప్పవచ్చును. అట్లు చెప్పిన తరువాత ఎత్తును వేగముతో కలుపబోయినచో కంపైలరు ఆ పంక్తిని త్రోసిపుచ్చును, యంత్రమువరకు పోనీయదు. భావము బాగున్నదని వేడుకొన్నను వినదు. రంగకవి వంటి లాక్షణికుని ముందు యతిభంగము చేసినవాని స్థితియే పైథాన్‌కు అలవాటుపడిన యువకునిది. మొదటి మూడు వారములు వానికి ఆజ్ఞలు వ్రాయుటకంటె తిట్లు తినుటయే ఎక్కువగా ఉండును. ఎక్కడనైనను పదిపంక్తులలో ముగియు పనికి ఇచట ముప్పది పంక్తులు కావలసివచ్చుచున్నవని వాడు విసుగుకొనును. విసుగు న్యాయమే. కాని ఈ భాష నిర్మాతలు వ్రాయువాని సుఖముకంటె చదువువాని సుఖమునకే ఎక్కువ విలువ యిచ్చిరి. ఒకమారు వ్రాసినదానిని ఇరువది ఏండ్లపాటు పలువురు చదువవలసియుండునని వారెఱుగుదురు.

మరియొక ఏర్పాటు ప్యాకేజీ. ఒక్కొక్కటి రెండు భాగములు. కార్యాలయము వాకిట వ్రేలాడదీసిన బోర్డు వంటిది మొదటిది: ఇచట ఏ పని జరుగును, ఏ పత్రములు తేవలెను, ఏమి ఇచ్చెదరు అనునంతవరకే అందుండును. లోపలి రికార్డు గది రెండవది. బయటివాడు బోర్డు చూచి పని కానిచ్చుకొనవలెనే గాని రికార్డు గదిలోనికి చొరబడి కాగితములు తిరుగవేయరాదు. లోపల బీరువాలు మార్చినను బోర్డు మారనంతవరకు బయటివానికి చిక్కు లేదు. దేశములో నాలుగు మూలల నాలుగు సంస్థలు వ్రాసిన భాగములు ఒక విమానములో కలిసి పనిచేయవలెనన్న ఇట్టి కట్టుబాటు లేనిదే కుదురదు.

ఏకకాలమున సాగు పనులను ఈ భాషలో టాస్కులందురు. ఒక టాస్కు మరియొకదానికి సమాచార మందించునప్పుడు రెండును ఒకచోట కలిసికొని, అందుకొనుట పూర్తియగువరకు నిలిచి, మరల ఎవరి దారిన వారు పోవుదురు. రసీదు చేతికి వచ్చువరకు గుమాస్తా బల్లయొద్దనే నిలిచియుండు జవానును తలచుకొనిన చాలును. ఈ కలయికకు నిర్మాతలు పెట్టిన పేరు రాందేవూ. పుదుచ్చేరి శ్వేతనగర వీధులలో తిరిగినవారికి ఆ ఫ్రెంచి మాట క్రొత్తది కాదు. అయితే తరువాతి కాలమున కఠినమైన రియల్‌టైమ్ పనులకు ఈ రాందేవూ తగదని తేల్చిరి. ఒకరికొరకు మరియొకరు ఎంతసేపు నిలువవలెనో ముందుగా లెక్కకట్టుట కష్టము గదా! 1997లో ఇంగ్లండులోని రేవెన్స్‌కార్ అను ఊర జరిగిన గోష్ఠిలో టాస్కులకు సంబంధించిన నియమములను కుదించి ఒక చిన్న కట్టుబాటు నేర్పరచిరి. ఆ ఊరిపేరే దానికి నిలిచినది.

ఇంత కట్టుబాటుగల భాషలో తప్పులే జరుగవా యని అడుగువారుందురు. జరిగినవి. 1996 జూన్ 4వ తేదీన గయానాలోని కూరూ కేంద్రమునుండి ఏరియన్ 5 రాకెట్టు మొదటిసారి పైకెగసెను. పుదుచ్చేరి ఒకప్పుడు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్నట్లే ఉండి, నేటికిని ఫ్రాన్సులో భాగముగానే యున్న ప్రాంతమది. బయలుదేరిన సుమారు 40 సెకనులలో, 3700 మీటర్ల ఎత్తున, రాకెట్టు దారి తప్పి ముక్కలై పేలిపోయెను. దానితో నాలుగు శాస్త్రీయ ఉపగ్రహములు నశించెను. రాకెట్టు స్థితిని తెలుపు యంత్రములోని ఆజ్ఞలు అడా భాషలోనివే.

జరిగినది ఇది. పెద్ద గడిలోని ఒక అంకెను 16 బిట్ల చిన్న గడిలోనికి మార్చవలసియుండెను. ఆ చిన్న గడిలో 32767 దాటిన అంకె పట్టదు. దరఖాస్తు ఫారములో ఐదంకెలకే గడులుండగా ఆరంకెల మొత్తము వ్రాయవలసివచ్చినట్లయ్యెను. భాష ఊరకుండలేదు, అంకె పట్టలేదని కేక వేసెను. ఆ కేకను ఆలకించి ఏమి చేయవలెనో చెప్పు ఆజ్ఞ అచట లేదు. యంత్రము పని మానుకొనెను. అండగా ఉంచిన రెండవ యంత్రము అంతకు క్షణములో కొద్దిభాగము ముందే మానుకొనియుండెను. అందులోను అవే ఆజ్ఞలు గదా! పని మానిన యంత్రము పంపిన తప్పు సూచికను ప్రధాన కంప్యూటరు విమానగతిగా భావించి రాకెట్టును ప్రక్కకు త్రిప్పెను.

ఇట్టి ప్రమాదమునకు అవకాశమున్న అంకెలు ఏడని నిర్మాతలకు ముందే తెలియును. నాలుగింటికి రక్షణ కల్పించిరి. మూడింటిని, కంప్యూటరుపై భారము పెరుగునని, విడిచిపెట్టిరి. పాత ఏరియన్ 4 రాకెట్టు గతికి ఆ మూడును ఎల్ల దాటజాలవు. కాబట్టి నాటికది సరియైన తీర్పే. క్రొత్త రాకెట్టు ప్రక్కవేగము పాతదానికంటె హెచ్చు. ఆజ్ఞలు పాతవి, రాకెట్టు క్రొత్తది. అన్నిటికంటె దుఃఖకరమైన సంగతి మరియొకటి: రాకెట్టు నేల విడిచిన తరువాత ఆ లెక్కతో పనియే లేదు. పాత రాకెట్టు అవసరమునకై కొంతసేపు నడువనిచ్చిన పని, క్రొత్తదానిలోను అట్లే నడచెను. గణితవేత్త జాక్ లూయీ లయన్స్ అధ్యక్షతన ఏర్పడిన విచారణసంఘము ఇవన్నియు వ్రాసి అదే సంవత్సరము జూలైలో ప్రకటించెను. అడా నేర్చుకొనువాడు వ్యాకరణముకంటె ముందుగా ఆ నివేదికను చదువుట మేలు. భాషను నిందించువారు ఈ సంఘటనను ఎత్తి చూపుదురు; అది న్యాయము కాదు. భాష ఉన్నది గనుక భయము లేదనువారు మఱింత ప్రమాదకరులు.

ఆ నివేదికలోనే పాత భాషను క్రొత్తగా నేర్చుటలోని అసలు కష్టమును ఉన్నది. వ్యాకరణము ఆరు వారములలో వచ్చును. పూర్వులు ఏ అంకెకు ఏ ఎల్ల ఎందులకు పెట్టిరో తెలియుటకు సంవత్సరములు పట్టును. ఆజ్ఞ కంటికి కనబడును, కారణము కనబడదు. కారణము వ్రాసిన పత్రము ఒక్కొక్కప్పుడు దొరకును. ఒక్కొక్కప్పుడు అది ఆ ఉద్యోగి తలలోనే ఉండి, ఆయనతో కూడ ఇంటికి పోవును. 1990 ప్రాంతమున ముప్పది ఏండ్ల వయస్సున ఈ పనికి పూనుకొన్నవారు నేడు పదవీవిరమణ పొందియున్నారు. విమానములు మాత్రము విరమింపలేదు. 2016 జూలై 1న తేజస్ విమానములతో వాయుసేన 45వ స్క్వాడ్రన్ ఏర్పడెను. 2021లో మరి 83 విమానములకు ఒప్పందము కుదిరెను. యుద్ధవిమానము సేవ దశాబ్దములతో లెక్కించునది. క్రొత్త ఆయుధమును తగిలించినను, క్రొత్త రాడారును అమర్చినను, లోపలి ఆజ్ఞలను ఎవరో ఒకరు తెఱచి చూడవలసియే యుండును. ఒక పంక్తి మార్చినచో దానికి కారణపత్రము, పరీక్షాపత్రము, వ్రాయనివాడు చేసిన తనిఖీ, పై వారి సమ్మతి అన్నియు కావలెను. ఫైళ్ళు నడుపుటలో ఆరితేరిన తండ్రి ఈ విషయమున కుమారునికి మంచి గురువు కాగలడు.

మరియొక పాఠము కాలమును గూర్చినది. ఇది చిన్నదిగా కనబడును. పెక్కుమంది జారిపడు మెట్టు ఇదియే. గంట కొట్టు కావలివానిని ఇద్దరిని ఊహించుకొనుడు. ఒకడు గంట కొట్టి, కూర్చుండి, సరిగా అరువది నిమిషములు ఆగి మరల లేచి కొట్టును. లేచుటకు, నడచుటకు, కొట్టుటకు పట్టిన అర నిమిషము ప్రతి గంటకు చేరుచు, తెల్లవారునప్పటికి వాని గంట ఐదారు నిమిషములు వెనుకబడును. రెండవవాడు గడియారమును చూచి, ఒంటిగంట కాగానే, రెండు కాగానే కొట్టును. వాని ఆలస్యము పోగుపడదు. అడాలో ఈ రెండింటికి వేరువేరు మాటలు కలవు: ఇంతసేపు ఆగుము అనునది ఒకటి, ఫలాని వేళ వరకు ఆగుము అనునది ఒకటి. క్రొత్తవాడు మొదటిదానినే వ్రాయును. పరీక్షలో పది నిమిషములు చూచినచో తేడా కనబడదు.

కాలము లెక్కలో చిన్న తేడా ఏమి చేయగలదో 1991 ఫిబ్రవరి 25న అరేబియాలోని దహ్రాన్ పట్టణమున తెలియవచ్చెను. అచ్చటి పేట్రియట్ క్షిపణి వ్యవస్థ అడాలో వ్రాసినది కాదు. అందలి దోషము కావలివాని దోషము వంటిదే. సెకనులో పదవ వంతును యంత్రము సరిగా వ్రాసికొనలేక ప్రతిమారు అణుమాత్రము కోసికొనుచుండెను. 100 గంటలు ఆపకుండ నడచునప్పటికి ఆ కోత సెకనులో మూడవ వంతునకు చేరెను. ఆ మాత్రపు కాలములో స్కడ్ క్షిపణి అర కిలోమీటరునకు పైగా పోవును. వ్యవస్థ దానిని తప్పుచోట వెదకెను. 28 మంది సైనికులు మరణించిరి.

ఇక తల్లిదండ్రుల ప్రశ్న మిగిలినది. ఈ భాష నేర్చినవానికి బయట ఉద్యోగము దొరకునా? దాచుటలో ప్రయోజనము లేదు: పైథాన్, జావా వచ్చినవారికి ఉన్నన్ని ఉద్యోగములు దీనిలో లేవు. ఉన్నవి విమానములు, రైళ్ళు, అంతరిక్షము, రక్షణ అను కొద్ది రంగములలోనే కలవు. బోయింగ్ 777 విమానములోని ఆజ్ఞలలో పెక్కుభాగము ఈ భాషదే. ఇటీవలి సంవత్సరములలో ఎన్విడియా వంటి కంపెనీయును అడానుండి పుట్టిన స్పార్క్ అను ఉపభాషను తన భద్రతాకార్యములకు చేపట్టినది. స్పార్క్‌లో వ్రాసినదానిని పరీక్షించి చూచుటయే కాక, కొన్ని తప్పులు జరుగనేరవని గణితముతో నిరూపింపవచ్చును. అట్లని అడా మరల రాజ్యమేలునని చెప్పుట అతిశయోక్తి. చెప్పదగినది ఇంతే: జాతిని, ఎల్లను, వేళను ముందుగా ప్రకటించి వ్రాయుట అలవడినవాడు తరువాత సీ భాషలో వ్రాసినను, క్రొత్తగా వచ్చిన రస్ట్ భాషలో వ్రాసినను ఆ అలవాటు వానిని విడువదు. మూడేండ్లు సంస్కృత వ్యాకరణము చదివి తరువాత పత్రికాఫీసులో చేరినవానివలె, వాడు ఆ సంగతి ఎవరికిని చెప్పుకొనడు, వాని వాక్యమే చెప్పును.

నేర్చుకొనుటకు రక్షణ సంస్థలోనే చేరవలసిన పని లేదు. జీనాట్ అను కంపైలరు ఉచితముగా లభించును, లక్షణగ్రంథమును అట్లే. ఇంటిలో ఉన్న కంప్యూటరు చాలును. అరచేతిలో పట్టునంత చిన్న మైక్రోకంట్రోలరు బల్ల యొకటి, అందుపై ఒక దీపము ఉన్నచో మరియు మంచిది. సెకనునకు ఒకమారు దీపము వెలుగునట్లును, ఎన్నిమార్లు వెలిగెనో లెక్క ఉంచునట్లును ఆజ్ఞలు వ్రాయవలెను. మొదటి రాత్రి ఇంతసేపు ఆగుము అను మాటతో నడిపి, ఉదయమున చేతి ఫోనులోని గడియారముతో లెక్క సరిచూడవలెను. రెండవ రాత్రి ఫలాని వేళ వరకు ఆగుము అను మాటతో నడిపి మరల చూడవలెను. రెండవనాడు కూడ ఒకటి రెండు సెకనులు తేడా వచ్చినచో భాషను అనుమానింపనక్కర లేదు. అది బల్లమీది స్ఫటికము చేయు పొరపాటు. దానిని సవరించుట తరువాతి పాఠము.